పూర్తిగా గీసిన ప్లేటు

మా అపార్ట్‌మెంట్ వెనకవైపు ఇనుప మెట్లు పెట్టించాలని సంఘం తీర్మానించింది. నేను ఒకప్పుడు కంప్యూటర్ మీద డ్రాయింగులు గీసే క్యాడ్ పాఠాలు చెప్పానని కార్యదర్శిగారికి ఎలాగో తెలిసి, ఫ్యాబ్రికేటర్ ఇచ్చిన డ్రాయింగు ఒకసారి చూడమని పంపారు. పదహారు మెట్లు, ఒక మలుపు, పక్కన పట్టుకోవడానికి కమ్మీ. అంతే. ఫైలు మాత్రం నేను కాఫీ పెట్టుకుని, తాగి, గిన్నె కడుక్కునేదాకా తెరుచుకోలేదు. ఈ కాలపు కంప్యూటర్ మీద. పదహారు మెట్లు అంత బరువుండవు. అనుమానం వచ్చి ఒక మెట్టు దగ్గరికి వెళ్లి చూశాను. చెకర్డ్ ప్లేటు. బస్సు మెట్ల మీద, ఫ్యాక్టరీ మెట్ల మీద కాలు జారకుండా ఉబ్బెత్తు గింజలతో ఉంటుందే, ఆ రేకు. గింజలన్నీ విడివిడిగా గీసి ఉన్నాయి. ఒక్కో గింజకి రెండు వంపు గీతలు, రెండు కొసల్లో రెండు చిన్న గుండ్రాలు. అలాంటివి కొన్ని వేలు.

అది ఎవరు గీశారో నాకు తెలుసు. ఫ్యాబ్రికేటర్‌కి తెలియదు. చెప్పినా అతను మెట్లు ముందు పూర్తి చేయడు కాబట్టి, డ్రాయింగు బాగుందని జవాబు రాసి ఊరుకున్నాను.

గీసినాయన పేరు ఇక్కడ రాయడం లేదు. ప్రతి డ్రాయింగుకీ కింద మూల ఒక పెట్టె ఉంటుంది, అందులో 'గీసినవారు' అని ఒక గడి. ఆ గడిలో తప్ప ఆయన తన పేరు ఎక్కడా రాసుకోగా నేను చూడలేదు. ఆ గడిలోనైనా పొడి అక్షరాలే.

రెండువేల సంవత్సరం వచ్చేసి, ప్రపంచంలో ఆగిపోతాయన్న కంప్యూటర్లన్నీ ఆగకుండా బయటపడిన కొత్తలు అవి. అమీర్‌పేటలో ఒక మూడంతస్తుల మేడలో పదకొండు ఇన్‌స్టిట్యూట్‌లు ఉండేవి. రెండో అంతస్తులో నేను క్యాడ్ చెప్పేవాణ్ణి. నా గదికి ఇటు జావా, అటు మెయిన్‌ఫ్రేమ్, మధ్యలో ప్లైవుడ్. మెకానికల్‌లో డిగ్రీ తెచ్చుకున్న నాకు ఆ ప్లైవుడ్ పుణ్యాన జావా కొంత వచ్చింది. నా విద్యార్థులకి ఇంకా బాగా వచ్చేది. అందుకని నెల తిరక్కుండా గోడకి అవతలివైపు చేరిపోయేవాళ్లు.

మిగిలిన విద్యార్థులు కలిసి ఒక షుగర్ ఫ్యాక్టరీ లేఅవుట్ గీశారు. దాన్ని పెద్ద కాగితం మీద ప్రింటు తీయించడానికి సీడీ పట్టుకుని పంజాగుట్ట వెళ్లాను. చౌరస్తా దాటాక ఒక మేడ మెట్ల కింద ప్లాటింగ్ షాపు ఉండేది. యజమానిని అందరూ భాయ్ అనేవాళ్లు. ఫైలు తెరవబోతే కంప్యూటర్ నీలి తెర చూపించి విశ్రాంతి తీసుకుంది. మూడుసార్లు ప్రయత్నించాక భాయ్ కుర్చీ వెనక్కి జరుపుకున్నాడు.

"ఇది మనతోని కాదు సార్. పెద్దాయనకు కబురు పంపిస్త. జర కూర్చోండి."

పెద్దాయన అరగంటలో వచ్చాడు. పెద్దాయన అనేంత వయసేం కాదు, నలభై ఆరు. పొడుగు చేతుల చొక్కా, రెండు చేతులూ ఒకే కొలతకి మడిచి ఉన్నాయి. జేబులో పెన్ను పక్కన ఒక చిన్న బ్రష్షు. సనత్‌నగర్‌లో ఒక ఫ్యాక్టరీ డ్రాయింగ్ ఆఫీసులో ఇరవై రెండేళ్లు చేశాడని, అది మూతపడి నాలుగేళ్లయిందని భాయ్ ముందే చెప్పి ఉన్నాడు. చివర్లో డ్రాయింగ్ బల్లలు తీసేసి కంప్యూటర్లు పెట్టారట. అందరూ నేర్చుకోవడం పూర్తయ్యాక ఫ్యాక్టరీ మూశారు.

ఆయన ముందుగా వెళ్లి చేతులు కడుక్కొచ్చాడు. ట్రేసింగ్ కాగితం మీద చెమట మరక పడకూడదని ఏళ్ల తరబడి చేసుకున్న అలవాటు. భాయ్ కీబోర్డు మీద కొత్తగా మరక పడడానికి చోటు లేదని ఎవరూ ఆయనకి చెప్పినట్టు లేరు. కూర్చుని, ఫైలు ఎంత ఉందో ఒక చీటీ మీద రాసుకున్నాడు. అచ్చు వేసినట్టుంది రాత. అప్పుడు నా వైపు తిరిగాడు.

"దీనికేం తినవెట్టిండ్రు సార్?"

"ఏమీ లేదండి. షుగర్ ఫ్యాక్టరీ."

"అది కాదు. కొత్త ఫైల్ తెరిచి గీసిండ్రా, పాతది తెరిచి, చెరిపి, దాని మీద గీసిండ్రా?"

"పాతదేనండి. అందరూ అంతే కదా."

"గదే," అన్నాడు. "అందరు గంతే."

నిజంగానే అందరం అంతే. కొత్త డ్రాయింగు మొదలుపెట్టాలంటే అంచులు, మూల పెట్టె, అక్షరాల సైజులు అన్నీ మళ్లీ పెట్టుకోవాలి. ఎవరికుంది ఓపిక? ఏదో ఒక పాత ఫైలు తెరిచి, ఉన్నదంతా చెరిపి, కొత్త పేరుతో దాచుకునేవాళ్లం. తెర మీద చెరిపింది ఫైలులోంచి పోదు. పాత అద్దెవాళ్ల సామాను అటక మీద ఉండిపోయినట్టు లోపలే ఉంటుంది. పదిమంది చేతులు మారిన ఫైలంటే పది కుటుంబాల అటక.

ఆయన లోపలున్న పేర్ల జాబితా తెరిచి, పెళ్లి సంబంధానికి వంశం చెప్పినట్టు చదవడం మొదలుపెట్టాడు.

"ఇగో, ఇవి బాయిలర్ మెట్లు. మా ఫ్యాక్టరీ పక్క షాపుల గీసినయి. ఆడికెల్లి గోడౌన్ షెడ్లు గీసేటాయన దగ్గరికి పోయింది. ఆయన దగ్గరికెల్లి ఫంక్షన్ హాలు. దాని మీదికెల్లి మీ షుగర్ ఫ్యాక్టరీ."

"అంటే మా షుగర్ ఫ్యాక్టరీలో పెళ్లి మంటపం ఉందంటారా?"

"మంటపం ఒక్కటే గాదు సార్. అండ్ల కుర్చీలు సుత ఉన్నయి. ఎనిమిది వందలు."

తీసెయ్యడం మొదలుపెట్టాడు. ఒక్కోటి తీసేశాక ముందుకు వంగి తెర మీద ఉఫ్ అని ఊదేవాడు. తర్వాత జేబులోంచి బ్రష్షు తీసి కీబోర్డు మీద ఎడమనుంచి కుడికి ఒకసారి తోసేవాడు. కాగితం మీద రబ్బరుతో చెరిపినప్పుడు పడే పొట్టు కోసం. మొదటిసారి నేను నవ్వాను. నాకేదో మంచి విషయం గుర్తొచ్చిందనుకుని ఆయన మర్యాదగా ఆగాడు. ఆ తర్వాత నేను నవ్వలేదు.

కనబడేది బరువుండదు, కనబడనిదే బరువు అనేవాడు. అది వేదాంతమనుకుని నా విద్యార్థి ఒకడు నోట్సులో రాసుకున్నాడు. ఆయన మాట్లాడుతోంది డ్రాయింగులో కనిపించకుండా ఆపేసి ఉంచిన పొరల గురించి, క్యాడ్‌లో లేయర్లంటారు.

అప్పట్నించి మా ఇన్‌స్టిట్యూట్‌లో ఏ ఫైలు మొరాయించినా ఆయన వచ్చేవాడు. సగం గ్లాసు టీ తాగేవాడు. మొత్తం పోస్తే సగం దగ్గర ఆపేసేవాడు, మిగతాది చల్లారేదాకా అక్కడే ఉండేది. ఎక్కువ మాట్లాడడు. మాట్లాడితే ఫైలు గురించే. ఆయన బాగుచేసిన ఫైళ్లు నేను తర్వాత తెరిచి చూసుకునేవాణ్ణి, నేర్చుకుందామని. ఒక వింత కనిపించింది. బాయిలర్లు, కుర్చీలు, మంటపాలు అన్నీ పోయేవి. ఒక చెకర్డ్ ప్లేటు మాత్రం ప్రతి ఫైలులోనూ ఉండిపోయేది. ఆసుపత్రి డ్రాయింగులో కూడా. ఫైలు బరువులో సగం దానిదే.

ఒక మధ్యాహ్నం ల్యాబులో ఇద్దరమే ఉన్నాం. ప్లేటు తెర మీద పెట్టి అన్నాను:

"ఇదెవడో మహానుభావుడు గింజ గింజా గీసి పెట్టాడండి. హైదరాబాద్ అంతా పాకింది. వాడెవడో దొరికితే చేతులు విరగ్గొట్టాలి."

ఆయన టీ గ్లాసు కింద పెట్టాడు.

"నేనే సార్," అన్నాడు.

మిగతాదీ ఆయనే చెప్పాడు, తెర వంక చూస్తూ.

"బల్ల మీద గీసేటప్పుడు ప్లేటు మొత్తం గియ్యం సార్. ఓ మూలకు నాలుగు వరుసలు గీసి ఇడిచిపెడుతం. మిగిలింది చూసేటోడు సమజ్ చేసుకుంటడు. మొత్తం గియ్యాల్నంటే నెల వడుతది, చెయ్యి వడిపోతది. ఇరవై ఏండ్లు గట్ల మూల మూలకే గీసిన. కంప్యూటర్ వచ్చినంక ఒక్క గింజ గీస్తే చాలాయె. ఎన్నంటే అన్ని కాపీలు. చెయ్యి నొయ్యది. ఒక్కసారన్న ప్లేటు మొత్తం గీసి చూద్దమనిపించింది."

"చూశారా?"

"చూసిన. మస్తుండె సార్. ఆఫీసోళ్లందరు లేచొచ్చి చూసిండ్రు. అందరు కాపీ చేసుకున్నరు. ఫ్యాక్టరీ మూసినంక ఫ్లాపీలు వట్టుకొని తలో దిక్కు పోయిండ్రు."

"అంటే ఊరి మీదికి వదిలింది మీరే, బాగుచేస్తోందీ మీరే."

"లెక్క చూస్తే గంతే."

"మరి బాగుచేసినప్పుడు దీన్ని ఎందుకు తియ్యరండి?"

"తీస్త సార్," అన్నాడు. "ఎవలన్న అడిగితే తీస్త."

ఎవరూ అడగలేదు. ఎందుకంటే అది ఉందని ఎవరికీ తెలియదు. నేను కూడా మళ్లీ అడగలేదు.

అడిగినవాళ్లు సోమాజిగూడలో దొరికారు. విదేశాల్లో కట్టే కెమికల్ ప్లాంట్లకి ఇక్కడ డ్రాయింగులు గీసిపెట్టే కంపెనీ ఒకటి, ఇలా ఫైళ్లు తేలిక చేసే మనిషి కావాలని భాయ్ దగ్గర వాకబు చేసింది. గీసినవి నెట్ మీద పంపాలి. నాలుగు ఎంబీ దాటితే అప్పటి లైన్ల మీద వెళ్లవు. టెస్టు పెడతామన్నారు. నెగ్గితే అపాయింట్‌మెంట్ లెటరు. ఆయన నన్ను తోడు రమ్మన్నాడు.

"ఇంగ్లీష్ సమజైతది సార్. జవాబు రాదు."

బస్సులో పక్కపక్కన కూర్చున్నాం. పేపర్లో పడే ప్రకటనలన్నీ ముప్పై అయిదు లోపు వాళ్లకేనని, నాలుగేళ్లలో తనకి వచ్చిన పిలుపు ఇదొక్కటేనని చెప్పాడు. "ఇది గూడ కాకుంటే, ఇంక నన్ను పిలిచేటోడు లేడు," అన్నాడు. టైము ఎంతయిందో చెప్పినట్టు చెప్పాడు.

కంపెనీ మేనేజరుకి ముప్పై ఉంటాయేమో. మావైపు మనిషే, మర్యాదగా ఉన్నాడు. ఎనభై నాలుగు ఎంబీల ఫైలొకటి చూపించాడు. ఎనిమిది అంతస్తుల ఇనుప కట్టడం, ప్రతి అంతస్తుకీ నడవడానికి రేకు ప్లాట్‌ఫారాలు.

"ఏంటండి, అవుతుందంటారా?"

ఆయన చేతులు ఎక్కడ కడుక్కోవాలో అడిగాడు. కడుక్కొచ్చి కూర్చున్నాడు. చుట్టూ నలుగురు ఉద్యోగులు కుర్చీలు లాక్కుని చేరారు. లోపలి పాత సామానంతా తీశాడు, ముప్పై ఒకటికి దిగింది. ఒకదాని మీద ఒకటి పడి ఉన్న గీతలు ఏరాడు, పంతొమ్మిది. ఇంకో గంటకి పదకొండు. ఒక్కో అంకె చీటీ మీద ఎక్కుతోంది. మధ్యమధ్యలో ఉఫ్ అని ఊదుతున్నాడు. నలుగురిలో ఒకతను పక్కవాణ్ణి మోచేత్తో పొడిచాడు. ఆయన పట్టించుకోలేదు. బాగా చేస్తున్నానని ఆయనకి తెలుసు.

పదకొండు దగ్గర ఆగిపోయింది.

"పదకొండు మాకు పనికిరాదండి," అన్నాడు మేనేజరు. "నాలుగు కావాలి. ఇంక మిగిలిందేంటి ఇందులో?"

మిగిలిందేమిటో ఆ గదిలో ఇద్దరికే తెలుసు. సనత్‌నగర్ ఫ్యాక్టరీ మనిషి ఎవరో ఒకప్పుడు ఫ్లాపీతో సహా వచ్చి, ఈ కంపెనీలో చేసి మానేసినట్టున్నాడు. ఎనిమిది అంతస్తుల నిండా ఆయన గింజలే. ఆయన నా వంక చూశాడు. నేను ఏసీ వంక చూశాను. అది చాలా మంచి ఏసీ.

ఆయన ఒక ప్లాట్‌ఫారం దగ్గరికి వెళ్లాడు. ఇంకా దగ్గరికి వెళ్లాడు. తెర నిండా ఒకే ఒక్క గింజ మిగిలేదాకా వెళ్లి, దాన్ని కొంచెంసేపు చూశాడు. తర్వాత ఎనిమిది అంతస్తుల్లోనూ ప్లేట్లన్నీ తీసేశాడు. ఒక్కో ప్లాట్‌ఫారం మూలకి నాలుగు వరుసలు పెట్టి వదిలాడు. ఫైలు దాచి, చీటీ మీద అంకె రాశాడు. రెండున్నర.

ఈసారి ఊదలేదు.

మేనేజరు లేచి చెయ్యి కలిపాడు. నలుగురు ఉద్యోగులు కూడా లేచారు.

"చాలా బాగా చేశారండి. ఇప్పుడు చేసిందంతా వరసగా ఒక పేజీలో రాసిస్తారా? మా రికార్డు కోసం."

ఇరవై రెండేళ్ల ఉద్యోగంలో, నాలుగేళ్ల ఖాళీలో, నువ్వు ఎలా చేశావో రాసిమ్మని ఆయన్ని అడిగినవాళ్లు లేరు. బస్సెక్కేదాకా నడుస్తూనే ఏది ముందో ఏది వెనకో వేళ్ల మీద లెక్కపెట్టుకున్నాడు. మర్నాడు మధ్యాహ్నానికి రాసుకొచ్చాడు, తెలుగూ ఇంగ్లీషూ కలిపి, ఆ అచ్చు రాతలో. నేను దాన్ని ఇంగ్లీషులోకి మార్చి టైపు చేశాను. తొమ్మిది అంచెలు. మొదటిది: అసలు ఫైలు ముట్టుకోవద్దు, కాపీ మీద పనిచెయ్యి. ఆరోది: చెకర్డ్ ప్లేటు ఎక్కడ కనిపించినా తీసేసి, మూలకి నాలుగు వరుసలు పెట్టు. ఆయన చెప్పినదాంట్లో తికమక ఉన్నచోట ప్రశ్నలడిగి సరిచేశాను. పక్కన ఒక బొమ్మ కూడా వేశాను. అంతకుముందు క్యాడ్ చూడనివాడైనా ఆ పేజీ పక్కన పెట్టుకుని పని కానిచ్చేయగలడు. ఆయన అవసరం లేకుండా చేయడానికి ఎంత స్పష్టత కావాలో అంతా పెట్టాను. భాష మీద నాకు అప్పట్లో మంచి పట్టుండేది.

పేజీ ఇచ్చొచ్చాం. ఫోన్ చేస్తామన్నారు.

ఆయనకి ఫోన్ లేదు. బయోడేటాలో మా ఇన్‌స్టిట్యూట్ నంబరు ఇచ్చాడు, నన్ను అడిగే. అందుకని రోజూ నాలుగింటికి వచ్చి రిసెప్షన్ పక్క బెంచీ మీద కూర్చునేవాడు. రిసెప్షన్‌లో పద్మ అనే అమ్మాయి ఉండేది, మధురానగర్ హాస్టల్లో ఉంటూ పొద్దున మెయిన్‌ఫ్రేమ్ నేర్చుకుని మధ్యాహ్నం ఫోన్లు ఎత్తేది. ఫోను మోగినప్పుడల్లా ఆయన నిటారుగా కూర్చునేవాడు. పద్మ "జావానా అండి?" అనగానే మళ్లీ వెనక్కి ఆనుకునేవాడు. వారం గడిచేసరికి ఇద్దరికీ స్నేహం కుదిరింది.

"అంకుల్, నీళ్లు తాగొస్తా, కొంచెం ఫోన్ చూడండి," అనేది పద్మ. ఆయన చూసేవాడు. ఒకసారి నేను క్లాసు గుమ్మంలోంచి విన్నాను.

"చెప్పుండ్రి. జావా సోమవారం నుంచి... క్యాడా? ఆఁ, క్యాడ్ సుత ఉన్నది, సార్ మంచిగ చెప్తరు... ఉద్యోగమా?... జావా సోమవారం నుంచి."

మూడు వారాలు చూశాను. నాలుగో వారం ఒక సాయంత్రం కిందికి దిగి, పక్కనున్న ఎస్టీడీ బూత్‌లోంచి సోమాజిగూడకి నేనే ఫోన్ చేశాను. మేనేజరు గొంతు గుర్తుపట్టి సంతోషించాడు.

"ఆ షీటు సూపరండి. మావాళ్లు నలుగురూ దాన్ని చూసుకుని చేసేస్తున్నారు. వేరే మనిషి అక్కర్లేకపోయింది."

"ఆయన ఎదురుచూస్తున్నారండి."

"అయ్యో, చెప్పాల్సింది. పనుల్లో పడి... అన్నట్టు ఆ ఇంగ్లీషు మీదేనా? మాకు ఇంకో రెండు మూడు మాన్యువల్స్ రాయించాల్సినవి ఉన్నాయి. మీకు వీలవుతుందేమో చూడండి."

చూస్తానన్నాను. చూశాను కూడా. రెండు రాసిచ్చాను. మూడోది రాయలేదు, వాళ్లు అడగలేదు కాబట్టి.

ఆ రోజు బూత్ నుంచి పైకి మెట్లెక్కుతూ ఒక మాట సిద్ధం చేసుకున్నాను. ఇంకా ఏమీ తేల్చలేదట, ఇంకొన్నాళ్లు పడుతుందట. అబద్ధాల్లో అంత గొప్పదేం కాదు, వారం పదిరోజులు నడుస్తుంది. పైకి వచ్చేసరికి ఆయన బెంచీ మీద లేడు. మెట్ల వైపు కిటికీ దగ్గర నిలబడి ఉన్నాడు. అక్కడినుంచి బూత్ బాగా కనిపిస్తుంది.

"ఏమన్నరు సార్?"

"మీ షీటు బాగా పనికొస్తోందట," అన్నాను. సిద్ధం చేసుకున్న మాట అది కాదు.

పద్మ రసీదు రాస్తున్నది ఆపింది. ప్లైవుడ్ అవతల జావా సార్ ఏదో అడిగితే ముప్పైమంది ఒకేసారి జవాబు చెప్పారు.

"చూసుకుంట చేస్తుండ్రా?"

"ఆఁ. నలుగురు."

"ఆరో నంబర్ సుత?"

"అన్నీ."

తలూపాడు. "ఫైల్లు తేలికైతయి మంచిగ," అన్నాడు. నన్ను ఓదారుస్తున్నాడేమో అనిపించింది. నేను ఆ షీటు గురించి ఏదో అనబోయాను, నాకు తెలియదని, ఇలా అవుతుందని అనుకోలేదని. అందులో మొదటి సగం నిజం కాదు కాబట్టి అనలేదు.

ఆయన బెంచీ దగ్గరికి వెళ్లి ప్లాస్టిక్ ఫోల్డరు తెరిచాడు. బయోడేటా కాపీలు ఇంకా అయిదున్నాయి.

"బిడ్డా, జర స్కేల్ ఇస్తవా?"

పద్మ ఇచ్చింది. ఆయన బల్ల అంచున మొదటి కాగితం సరిగ్గా పరిచి, మా ఫోన్ నంబరున్న చోట స్కేలు ఆనించాడు.

"ఇంకెవలు చేస్తరు గని," అన్నాడు, "ఒకవేళ చేస్తే మీకు తకలీఫ్ ఉండొద్దు సార్."

అంకెల మీదుగా ఒక గీత గీశాడు. కొట్టేసినట్టు లేదు, ఆ నంబరుకి అది కావాల్సినట్టుంది. స్కేలు అంచుకి అంటిన సిరా చొక్కా చివర్తో తుడిచి రెండో కాగితం పరిచాడు. అవి ఇంకెవరికీ ఇచ్చేవి కావని ముగ్గురికీ తెలుసు. ఆయన తొందరపడలేదు. నాలుగోదాని దగ్గర ఉండగా ఫోను మోగింది. పద్మ చెయ్యి చాచబోయి, ఆయన వంక చూసింది.

ఆయన తలెత్తలేదు. గీత పూర్తిచేసి, స్కేలు తుడిచి, అయిదో కాగితం పరిచాడు.